అసలు ఫోటోను భద్రపరచండి



ఈ నెల మన కుటుంబములన్నిటికీ పనికివచ్చే ఒక విషయమును గూర్చి వ్రాయుచున్నాము. విదేశములో ఉన్న కుమారుడు మనుమరాలి ఫోటో పంపుతాడు. అది ఇంట్లోని పాత కంప్యూటరులో తెరుచుకోదు. అమ్మాయి ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టబోతే, ఫోటో జె.పి.జి. రూపములోనే ఉండవలెనని, 50 కె.బి.కి మించరాదని నిబంధన ఉంటుంది. సంఘ వార్షికోత్సవ సంచికకు పెద్దల ఫోటోలు పంపితే, ఇవి అచ్చుకు చాలవని ప్రెస్సువారు తిప్పిపంపుతారు. ఈ మూడు చిక్కులకు కారణము ఒక్కటే. ఫోటో కంప్యూటరులో ఏ రూపములో, ఎంత వివరముతో దాచబడి ఉన్నదో మనకు తెలియకపోవడమే.

ఇట్టి సమయములో కొందరు ఫైలు పేరు చివర ఉన్న అక్షరములను మార్చివేసి పని అయిపోయినదనుకొంటారు. బియ్యపు డబ్బాకు పంచదార అని చీటీ అంటించినంత మాత్రమున లోపలి బియ్యము తియ్యనవుతాయా? పేరుతోపాటు లోపలి అమరిక కూడా మారవలెను.

మనకు తరచుగా ఎదురయ్యే రూపములు నాలుగు. మొదటిది జె.పి.జి. 1992లో స్థిరపడిన ఈ పద్ధతి చిత్రమును ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు గల చిన్న గళ్ళుగా విభజించి, కంటికి అంతగా ఆనని సూక్ష్మ వివరములను వదలివేస్తుంది. అందుకే ఫైలు అంత చిన్నదవుతుంది. మనుష్యుల ముఖములకు, చెట్లకు ఇది చక్కగా సరిపోతుంది. తెల్ల కాగితముపై నల్లని అక్షరములున్న సర్టిఫికెట్టును ఎక్కువగా కుదిస్తే మాత్రము అక్షరముల చుట్టూ మసకలు ఏర్పడతాయి. రెండవది 1996లో వచ్చిన పి.ఎన్.జి. ఇది కుదించినా దేనిని పారవేయదు గనుక సర్టిఫికెట్లకు, ముద్రలకు, అక్షరములకు మంచిది. మూడవది టిఫ్. స్కానర్లవారు, ప్రెస్సువారు దీనిని ఇష్టపడతారు. ఫైలు మాత్రము పెద్దది. నాలుగవది హెచ్.ఇ.ఐ.సి. 2017 నుండి ఐఫోనులు ఫోటోలను ఈ రూపములో దాచుచున్నవి. పైన చెప్పిన మనుమరాలి ఫోటో తెరుచుకోకపోవడానికి తరచుగా కారణమిదే.

ఈ రూపములను ఒకదాని నుండి మరొకదానికి మార్చుటకు ఇమేజ్‌మ్యాజిక్ అను ఉచిత సాధనము కలదు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో పనిచేయుచున్న జాన్ క్రిస్టీ అనే ఆయన 1987లో దీనిని ప్రారంభించగా, 1990లో ఇది అందరికీ ఉచితముగా అందినది. నేడు ఇది 200కు పైగా రూపములను గుర్తిస్తుంది. దీనిని వాడుటకు బొమ్మలపై నొక్కనవసరము లేదు. కంప్యూటరులో నల్లని తెర తెరచి ఆజ్ఞను టైపు చేయవలెను. ఆ తెర చూచి భయపడనక్కరలేదు. ఆజ్ఞలో ముఖ్యముగా ఉండేవి మూడే: సాధనము పేరు, ఉన్న ఫైలు పేరు, కావలసిన ఫైలు పేరు. ఉదాహరణకు,

మ్యాజిక్ తాత.టిఫ్ తాత.జెపిజి

అని మధ్య ఖాళీలు విడిచి కొట్టితే, టిఫ్ ఫైలు అలాగే ఉండి, ప్రక్కన కొత్త జె.పి.జి. తయారవుతుంది. (ఇక్కడ తెలుగులో వ్రాసినాము గాని, ఆజ్ఞలను ఇంగ్లీషు అక్షరములతోనే టైపు చేయవలెను.) పాత పుస్తకములలో మ్యాజిక్‌కు బదులు కన్వర్ట్ అని కనబడుతుంది. విండోస్‌లో అదే పేరుతో డిస్కు అమరికను మార్చే వేరొక ఆజ్ఞ ఉన్నది గనుక మ్యాజిక్ అనియే వాడండి. హెచ్.ఇ.ఐ.సి. ఫోటోలను తెరచుటకు కొన్ని కంప్యూటర్లలో అదనపు భాగమును కూడా చేర్చవలసి ఉంటుంది.

దరఖాస్తుకు ఫోటో చిన్నది కావలెననుకోండి. రెండు ఫైళ్ళ పేర్ల మధ్య చిన్న గీత పెట్టి రీసైజ్ అని, ఖాళీ విడిచి 600x600 అని వ్రాస్తే, ఫోటో ఆ కొలతలోపు ఇముడుతుంది. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి చెడదు, ముఖము సాగిపోదు. తరువాత గీత పెట్టి డిఫైన్ అని, ఖాళీ విడిచి జెపెగ్:ఎక్స్‌టెంట్=50కెబి అని చేర్చితే, ఫైలు ఆ బరువులో ఇమిడేటట్లు సాధనమే నాణ్యతను సర్దుతుంది.

ఇక జాగ్రత్తలు. మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇక్కడే ఉన్నది.

1. పోయిన వివరము తిరిగి రాదు. జె.పి.జి.ని మరల పి.ఎన్.జి.గా మార్చితే ఫైలు బరువెక్కుతుందే గాని, వదలివేయబడిన వివరము రాదు. ఒకే జె.పి.జి.ని తెరచి, సరిదిద్ది, మరల మరల దాచుచుండిన కొలది నాణ్యత తగ్గుతుంది. అంగుళమునకు 300 చుక్కల చొప్పున 4 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల ఎత్తు గల ఫోటో అచ్చువేయుటకు 1200 చుక్కల వెడల్పు, 1800 చుక్కల ఎత్తు కావలెను. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించబడి వస్తుంది. ప్రెస్సుకు పంపవలసినదానిని డాక్యుమెంటుగా పంపండి.

2. మోగ్రిఫై అను ఆజ్ఞతో జాగ్రత్త. ఒక ఫోల్డరులోని వందల ఫోటోలను ఒకేసారి మార్చుటకు ఇది ఎంతో ఉపయోగము. అయితే దీనితో ఫోటోలను చిన్నవి చేయుమంటే కొత్తవి తయారుచేయక, ఉన్నవాటి మీదనే వ్రాసివేస్తుంది. "మార్చమంటారా?" అని అడుగదు. పెండ్లి ఫోటోలన్నీ ఒక్క క్షణములో తపాలాబిళ్ళలంత అయిపోవచ్చును. గీత పెట్టి పాత్ అని వ్రాసి వేరొక ఫోల్డరు పేరు ఇస్తే, కొత్తవి అక్కడికి వెళ్ళి, పాతవి క్షేమముగా ఉంటాయి. ఆ ఫోల్డరును ముందుగానే తయారుచేసి ఉంచవలెను.

3. ఫోటోలో కంటికి కనబడని సమాచారము ఉంటుంది. ఫోనులో లొకేషన్ తెరచి ఉంచితే, ఫోటో తీసిన స్థలము కూడా దానిలో వ్రాయబడుతుంది. చిన్నపిల్లల ఫోటో పదిమందికీ పంపునప్పుడు ఇంటి చిరునామా పంచినట్లే కావచ్చును. స్ట్రిప్ అను మాట చేర్చితే ఈ సమాచారము తొలగిపోతుంది. నిలువుగా తీసిన ఫోటో పడుకొనకుండునట్లు దానికి ముందు ఆటో-ఓరియెంట్ అని చేర్చండి. ఈ రెండింటి ముందు కూడా చిన్న గీత ఉండవలెను. స్ట్రిప్ వలన ఫోటో తీసిన తేదీ కూడా పోతుంది గనుక బయటకు పంపే నకలుకు మాత్రమే దీనిని వాడండి.

అనేక గృహములలో నాయనమ్మదో, చిన్నతనములోనే దూరమైన బిడ్డదో ఒక్కటే ఫోటో ఉంటుంది. దానిని స్కాన్ చేయించునప్పుడు టిఫ్‌లో గాని పి.ఎన్.జి.లో గాని ఇవ్వమని అడగండి. 'అసలు' అని పేరు పెట్టిన ఫోల్డరులో దానిని ఉంచి, మరొక నకలును వేరొక డిస్కులో దాచి, దానిని మీ అన్నదమ్ములలో ఒకరి ఇంట ఉంచండి. ఇక మీరు రూపము మార్చినా, చిన్నది చేసినా, కత్తిరించినా, అది నకలు మీదనే జరుగవలెను. ఈ ఫోల్డరు ఎక్కడ ఉన్నదో ఇంట్లో కనీసము ఇద్దరికి తెలిసి ఉండుట మంచిది. ఈ ఆదివారము సాయంత్రము పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని ఈ పని ప్రారంభించండి. ఫోటోలోనివారు ఎవరో, ఏ ఊరిలో తీసినదో వారికి చెప్పుచు, ఫైలు పేరులోనే వ్రాయించండి. ఏ సాధనమూ ఆ పేర్లను తనంతట తాను చెప్పలేదు గదా!