కంచం ముందు ఒంటరిగా

పోయిన నెల నంద్యాలలో ఒక పుస్తకావిష్కరణ సభకు వెళ్ళాను. వక్త మంచి మాటకారి. "మా అమ్మ ఏడుగురిని పెంచింది, ఒక్క పుస్తకం చదవలేదు. ఇప్పటి తల్లులకు పిల్లకి అన్నం తినిపించడానికి కూడా ఫోన్‌లో గ్రూపు కావాలి" అన్నాడు. హాలంతా నవ్వింది. నేను అట్లాంటి గ్రూపులోనే ఉన్నాను. అప్పుడే లేచి జవాబు చెప్పాల్సింది. నోరు పెగల్లేదు. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

మాది మహానంది పక్క పల్లె, అరటి తోటల మధ్య ఇల్లు. మా అమ్మాయి హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేది. దసరా సెలవులకి వచ్చినప్పుడు బాగా చిక్కిపోయి ఉంది. "సన్నబడి ఎంత చక్కగా ఉందో" అన్నారు చూసినవాళ్ళంతా. ఎందుకే తినవు అంటే కడుపుబ్బరం అనేది. కార్తీకం వచ్చింది. సోమవారాలు ఉపవాసమంది, తర్వాత శనివారాలూ అంది. మా అత్తగారు మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను, దాచడమెందుకు. మహానందిలో కోనేటి నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున పడ్డ రూపాయి బిళ్ళ కూడా కనపడుతుంది. ఆ నీళ్ళలో మునిగి తడి బట్టలతో మెట్లెక్కుతున్న పిల్ల వీపు చూసిన రోజు నాకు భయం పట్టుకుంది.

గ్యాస్ మాత్రలు వాడాం. దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం. ఒక డాక్టరు పిల్ల ముందే "అంతా తల్లి గారాబం" అన్నాడు. చివరికి రాత్రి బస్సెక్కి బెంగళూరు పోతే అక్కడ జబ్బు పేరు చెప్పారు: అనొరెక్సియా నెర్వోసా. మన ఇళ్ళల్లో దానికి వాడే మాట లేదు. మాట లేనిచోట "పంతం" వచ్చి కూచుంటుంది.

ముందు ఆ పంతం సంగతి చూద్దాం. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల్ని ఆర్నెల్లపాటు అర్ధాకలితో ఉంచి గమనించాడు. అందరూ ఇష్టపడి వచ్చినవాళ్ళే. వాళ్ళలో చాలామందికి తిండి తప్ప ఇంకో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగేశారు, ముద్దను ముక్కలు చేసి గంటలకొద్దీ నమిలారు, చీటికీమాటికీ చిరాకుపడ్డారు, మనుషులకు దూరమయ్యారు. పస్తు మనసునే మార్చేస్తుంది. అట్లా మారిన మనసుతో వాదించి, బుద్ధి చెప్పి, ఒట్టు పెట్టించుకుని అన్నం తినిపించలేం. ముందు ఒంట్లోకి తిండి పోవాలి, ఆ తర్వాతే మాటలు.

రెండోది, ఇది పడమటి జబ్బు, డబ్బున్నోళ్ళ జబ్బు అనే మాట. 1995లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఇట్లాంటి జబ్బుతో వచ్చిన ఐదుగురు యువతుల గురించి ఒక పత్రం ప్రచురించారు. తినకపోవడం, వాంతులు, చిక్కిపోవడం, నెలసరి ఆగిపోవడం అన్నీ ఉన్నాయి. తమ ఒళ్ళు తమకు లావుగా కనిపించడమనే లక్షణం మాత్రం లేదు. మా పిల్లా అంతే, "లావైపోతానేమో" అని ఒక్కనాడూ అనలేదు. మన దగ్గర ఈ జబ్బు కడుపుబ్బరంగా, ఉపవాసంగా వస్తే, సినిమాల్లో చూసిన అద్దం ముందు అమ్మాయి కోసం ఎదురుచూస్తూ కూచుంటామా?

మూడోది, తల్లే కారణం అనేది. ఇది ఇప్పటి నింద కాదు. 1873లో ఈ జబ్బుకు పేరు పెట్టిన లండన్ వైద్యుడు విలియం గల్, ఇట్లాంటి రోగులను చూసుకోవడానికి బంధుమిత్రులంత పనికిరానివాళ్ళు లేరన్నట్టు రాశాడు. వందేళ్ళకు పైగా వైద్యం దాదాపు ఆ దారినే నడిచింది. పిల్లను ఇంటినుంచి విడదీయడమే మందు అనుకున్నారు. 1987లో లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రి వైద్యబృందం ఆ దారి మళ్ళించింది. చిన్న వయసులో జబ్బు మొదలై, మూడేళ్ళు దాటని పిల్లల్లో కుటుంబాన్ని కలుపుకుని చేసిన చికిత్సే మెరుగైన ఫలితమిచ్చిందని చూపించింది. ఈ జబ్బులకు కుటుంబమే మూలకారణమనే వాదాన్ని ఈ రంగంలోని అంతర్జాతీయ నిపుణుల సంస్థ, అకాడమీ ఫర్ ఈటింగ్ డిజార్డర్స్, 2010లో గట్టిగా తిరస్కరించింది. మా ఊళ్ళో మాత్రం ఇంకా 1873 నడుస్తోంది.

ఇప్పుడు అసలు విషయం. కుటుంబమే చికిత్స చేయాలంటే అర్థం ఏమిటి? రోజుకు ఐదుసార్లు, నెలల తరబడి, కంచం ముందు తల్లో తండ్రో కూచోవాలి. డాక్టరు మూడు వారాలకోసారి అరగంట కనిపిస్తాడు. మిగతా గంటలన్నీ మనవే. ఒకరోజు రాత్రి మా పిల్ల సంగటి కంచం గోడకేసి కొట్టింది. మా ఆయన కోపంతో తోటకు వెళ్ళిపోయాడు. నేను పెరట్లో నిలబడి వణికే వేళ్ళతో గ్రూపులో రాశాను: "పడేసింది. ఏం చేయను?" అవతలినుంచి నేనెన్నడూ చూడని ఒకామె జవాబిచ్చింది: "ఇంకో కంచం పెట్టక్కా. అరవద్దు. ఇక్కడ మావాడు కూడా ఇప్పుడే పడేశాడు. నేను లైన్లోనే ఉన్నా." లోపలికెళ్ళి ఇంకో కంచం పెట్టాను. ఆ రాత్రి నాలుగు ముద్దలు తింది.

ఆ వక్త నవ్వించింది దీని గురించి. ఏడుగురిని పెంచిన వాళ్ళమ్మకు పక్కన అత్తా, తోడికోడలూ, అరుగు మీద పదిమందీ ఉండి ఉంటారు. ఈ జబ్బుకు మా అరుగు మీద ఎవరూ లేరు. చెబితే రేపు పిల్ల పెళ్ళికి అడ్డమని ఇంట్లోవాళ్ళే నోరు నొక్కారు. ఒకే కష్టం ఉన్న ఆరు ఇళ్ళు ఒక్క ఊళ్ళో దొరకవు. ఫోన్‌లో దొరికాయి.

కుటుంబాలు ఒకచోట కూడితే మేలన్నది నా ఒక్కదాని అనుభవమే కాదు. 2016లో ఐవాన్ ఐస్లర్ బృందం ప్రచురించిన పరిశోధనలో 169 మంది పిల్లలు పాల్గొన్నారు. కొందరికి విడివిడి కుటుంబ చికిత్స, కొందరికి దానితోపాటు కొన్ని కుటుంబాలను ఒకచోట కూర్చోబెట్టి చేసే చికిత్స ఇచ్చారు. చికిత్స ముగిసేసరికి రెండోవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. అది ఎదురెదురుగా కూచుని, చికిత్సకుల సమక్షంలో చేసింది. మా ఫోన్ గ్రూపు దానికి సమానమని నేననను. కానీ 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఎన్నో దేశాల్లో ఈ చికిత్సను వీడియో మీదికి మార్చారు కదా. మహానందికి అది ఎందుకు రాకూడదు?

గ్రూపులతో ప్రమాదం లేదనీ అనను. మాకు కొన్ని కట్టుబాట్లున్నాయి: పిల్లల బరువు అంకెలు చెప్పుకోం, ఫొటోలు పెట్టం, మందుల పేర్లు చెప్పం. కళ్ళు తిరిగి పడిపోయినా, గుండె దడగా ఉన్నా గ్రూపులో అడగం, ఆసుపత్రికి పోతాం. చాలారోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పెట్టినా రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మొదలుపెట్టేది డాక్టరు చూశాకే. తోడు తోడే, వైద్యం వైద్యమే.

ఇంగ్లీషు వచ్చిన తల్లిదండ్రులకు 2008లో లారా కాలిన్స్ మొదలుపెట్టిన ఫీస్ట్ లాంటి సంస్థలున్నాయి. తెలుగు మాత్రమే వచ్చిన తల్లికి ఏముంది? ప్రభుత్వ టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. అది మొదటి మెట్టు. తర్వాతి మెట్టు ఆసుపత్రులు వేయాలి. ఈ పిల్లల్ని చూసే ప్రతి మానసిక వైద్య విభాగమూ వారానికి ఒక గంట తెలుగు తల్లిదండ్రుల్ని వీడియోలో కలపాలి, శిక్షణ ఉన్న ఒకరిని కూచోబెట్టాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు.

ఈ వ్యాసం మా అమ్మాయి చదివింది. రెండు వాక్యాలు కొట్టేసింది, మిగతాది వేసుకోమంది. ఇంకా పూర్తిగా కోలుకోలేదు, కానీ మళ్ళీ కాలేజీకి పోతోంది.

నిన్న రాత్రి గ్రూపులోకి ఆళ్ళగడ్డ వైపునుంచి కొత్తగా ఒకామె వచ్చింది. కెమెరా వేయలేదు, పేరు చెప్పలేదు. గంటసేపు విని చివర్లో ఒకటే అడిగింది: "అయితే, ఇది నా తప్పు కాదా?"

సభలో నవ్వినవాళ్ళు ఆమెకేం జవాబు చెబుతారు?