గాలిలో కాపురం

అనాసపండు కోసేటప్పుడు దాని చుట్టాల సంగతి ఎవరికి గుర్తుకొస్తుంది? ఆ వంశంలో నేల ముఖం చూడని మొక్కలు కూడా ఉన్నాయండీ! అమెరికాలోని ఫ్లోరిడాలో ఓక్, సైప్రస్ చెట్ల కొమ్మల మీద పెరిగే టిలాండ్సియాలు అటువంటివే.

మన మామిడిచెట్టు మీది బదనిక లాంటివి కాబోలు అనుకునేరు. బదనిక చెట్టు సారం తాగి బతుకుతుంది. ఇవి కొమ్మను నిలవనీడ మాత్రమే అడుగుతాయి. వేళ్లు పట్టు కోసమే. వానచినుకునూ, మంచునూ ఆకుల మీది సన్నని పొలుసులే పీల్చుకుంటాయి.

వీటిలో ఫాసిక్యులేటా అనేది ఒక జాతి. దాని ఎర్రని కంకిలోంచి ఊదారంగు పూలు తొంగిచూస్తాయి. బార్ట్రామీ అనేది మరొకటి, సన్నాకులది. ఫ్లోరిడా నడిభాగంలో రెండూ ఇరుగుపొరుగున పెరుగుతాయి. ఒకదాని పుప్పొడి రెండోదానికి చేరి, తోటమాలి చెయ్యి పడకుండానే, మూడో మొక్క పుట్టింది. అదే టిలాండ్సియా ఫ్లోరిడానా. సంకరమని తెలియడానికి శాస్త్రజ్ఞులు ఆ పేరు మధ్య గుణకారపు గుర్తు వేస్తారు.

సంకరమనగానే కొందరు నొసలు చిట్లిస్తారు. తెలుగు 'పూల'కు సంస్కృత 'మాల' జతపడి పూలమాల కాలేదూ? చిన్నయసూరి అంతటివాడు బాలవ్యాకరణంలో మిశ్రసమాసానికి పీట వేశాడు. ప్రకృతి వ్యాకరణం ఇంకా ఉదారమైనది.

అయితే ఈ బిడ్డ కన్నవారిలో ఒకరికి ఆపద వచ్చిపడింది. 1989లో ఫ్లోరిడాలో మెక్సికో ముక్కుపురుగు కనబడింది. అలంకారానికని దిగుమతి చేసుకున్న మొక్కలతో వచ్చిందది. మన బియ్యంలోని ముక్కుపురుగుకు దాయాదే. దాని పిల్లపురుగు మొక్క మొదలు తొలిచి చంపేస్తుంది. ఫాసిక్యులేటాను ఆ రాష్ట్రం అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలో చేర్చింది. ఈ పురుగుకు శత్రువైన ఈగను హోండురాస్ నుంచి తెచ్చి 2007లో వదలడం మొదలుపెట్టారు. అయినా పురుగు లొంగలేదు.

అనాసలాగే పిలకలు వేసి, ఉన్న ఫ్లోరిడానా మొక్కలు కొంతకాలం నిలవవచ్చు. కొత్త సంకరం పుట్టాలంటే మాత్రం రెండు జాతులూ పక్కపక్కన పూయాలి కదా!

కొత్త బియ్యం డబ్బాలో పోసేముందు ఇల్లాలు చేటలో పోసి చూస్తుంది. ముచ్చటపడి దూరదేశపు మొక్కను తెచ్చుకునేవారికి ఆ పాటి జాగ్రత్త ఉండి ఉంటే, ఆ కొమ్మల మీది కాపురాలకు ఈ కష్టం వచ్చేది కాదు.