ఎవరి నుంచి స్వాతంత్ర్యం?

‘స్వతంత్ర చలనచిత్రం’ అనే మాట ఈ మధ్య మన సాహిత్య సభల్లో కూడా తరచుగా వినిపిస్తోంది. మాట మంచిదే. అయితే స్వాతంత్ర్యం అనగానే ‘ఎవరి నుంచి? ఎవరికోసం?’ అని అడగడం అభ్యుదయవాదులకు అలవాటు. సినిమా దగ్గరకు వచ్చేసరికి ఆ ప్రశ్న మన నోట రావడం లేదు. పాటలు లేకపోతే, పేరున్న నటులు లేకపోతే, కెమెరా ఒకేచోట చాలాసేపు కదలకుండా నిలబడితే, అది స్వతంత్ర చిత్రమని ఒప్పేసుకుంటున్నాం. ఈ లక్షణాలన్నీ ఉన్న చిత్రాన్ని ఏ పెద్ద కంపెనీ అయినా తీయించగలదు. తన ఓటీటీ దుకాణంలో ఒక అరలో పెట్టి అమ్ముకోగలదు. అమ్ముకుంటోంది కూడా.

నేను చెప్పదలచింది ఇది: ఒక చిత్రం స్వతంత్రమా కాదా అన్నది దాని శైలిని చూసి తేల్చేది కాదు. ఆ చిత్రం ఎవరికి జవాబు చెప్పుకోవలసి ఉన్నదో దాన్ని బట్టి తేల్చాలి. అంతేకాదు, ఆ జవాబుదారీతనం కథ చెప్పే తీరులోకి కూడా చొచ్చుకుపోతుంది. ఇందుకు మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం (1937–1987) చివరి చిత్రం ‘అమ్మ అరియాన్’ను ఉదాహరణగా తీసుకుంటాను. ఇదే పేరుగల హిందీ నటుడు వేరు; పాఠకులు పొరబడవద్దు.

జాన్ జీవిత బీమా సంస్థలో ఉద్యోగం వదిలి పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. అక్కడ ఋత్విక్ ఘటక్‌కు శిష్యుడయ్యాడు. 1977లో తమిళంలో ‘అగ్రహారత్తిల్ కళుదై’ తీశాడు. ఒక గాడిదపిల్లను చేరదీసిన బ్రాహ్మణ ప్రొఫెసరు కథ అది. దానికి ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. 1979లో కుట్టనాడు భూస్వామ్యంపై ‘చెరియాచ్చంటె క్రూరకృత్యంగళ్’ తీశాడు. ఈ దశలో ఆగిపోయి ఉంటే అతను కూడా బహుమతుల జాబితాలో ఒక పేరుగా మిగిలిపోయేవాడు.

1984లో కోళిక్కోడ్ కేంద్రంగా అతనూ మిత్రులూ కలిసి ‘ఒడెస్సా’ అనే సంఘం పెట్టారు. ఐసెన్‌స్టెయిన్ 1925లో తీసిన ‘బాటిల్‌షిప్ పొటెమ్కిన్’లోని ఒడెస్సా మెట్ల మీదనుంచి ఈ పేరు వచ్చింది. ఈ సంఘం నిర్మాత కోసం మద్రాసు వెళ్ళలేదు. ఊరూరా తిరిగి చాప్లిన్ ‘ది కిడ్’ (1921) ప్రదర్శించి, చూసినవాళ్ళ దగ్గర చందాలు పట్టింది. అట్లా పోగైన చిల్లర డబ్బుతో 1986లో ‘అమ్మ అరియాన్’ తయారైంది. పూర్తయ్యాక దాన్ని మళ్ళీ ఆ జనం దగ్గరకే తీసుకువెళ్ళి చూపించారు.

ఈ చరిత్ర చాలామందికి తెలిసిందే. కాని దీన్ని ఒక ముచ్చటగా చెప్పుకుని, ఆ తరువాత చిత్రాన్ని వేరే గదిలో కూర్చుని సమీక్షిస్తారు. నా అభ్యంతరం అక్కడ ఉంది. మనం సాహిత్యంలో వస్తువు, శిల్పం అని రెండు ముక్కలు చేసి యాభై ఏళ్ళపాటు వాదించుకున్నాం. ఆ రెంటికీ వెనుక ఉన్న మూడో విషయాన్ని, అంటే రచన ఎవరి ఖర్చుతో తయారై, ఎవరి చేతుల మీదుగా ఎవరికి చేరుతున్నది అన్నదాన్ని, ప్రచురణకర్తల గొడవగా భావించి పక్కకు నెట్టాం. ‘అమ్మ అరియాన్’ విషయంలో ఆ మూడోదాన్ని పక్కకు నెడితే శిల్పం బొత్తిగా అర్థం కాదు.

కథ చూడండి. పురుషన్ అనే యువకుడు తల్లికి ఉత్తరాలు రాస్తానని మాట ఇచ్చి ఢిల్లీ బయలుదేరతాడు. దారిలో చెట్టుకు ఉరివేసుకున్న ఒక శవం కనిపిస్తుంది. ఎక్కడో చూసిన ముఖం. ప్రయాణం మానుకుంటాడు. చనిపోయినవాడు హరి అనీ, తబలా వాయించేవాడనీ, తీవ్ర రాజకీయాలతో సంబంధం ఉన్నవాడనీ మెల్లగా తెలుస్తుంది. హరి తల్లి కొచ్చిలో ఉంటుంది. ఆమెకు కబురు చెప్పాలి. ఒక్కడూ వెళ్ళి చెప్పగలిగిన కబురే అది. కాని పురుషన్ ఒక్కడూ వెళ్ళడు. దారిలో హరి తెలిసినవాళ్ళను ఒక్కొక్కరినీ కలుస్తాడు. వాళ్ళూ వెంట నడుస్తారు. ప్రతి ఒక్కరికీ హరి ఒక్కో రకంగా తెలుసు. గుంపు పెరుగుతూ పోతుంది. మధ్యలో వైద్య విద్యార్థుల సమ్మె, రాతి క్వారీ కార్మికుల బ్రతుకులు, కొచ్చి రేవు కార్మికుల పోరాట జ్ఞాపకాలు వస్తాయి. వీటిలో కల్పన ఎక్కడ ముగిసి యథార్థ చిత్రణ ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం కష్టం.

ఇప్పుడు ఒడెస్సా వాళ్ళ తిరుగుడును ఈ కథ పక్కన పెట్టండి. ఒక ఊరు, తరువాత మరొక ఊరు. ఒక గడప, తరువాత మరొక గడప. ప్రతిచోటా కొందరు కలవడం, తమకు తెలిసింది చెప్పడం. చందా తిరిగిన దారీ, కథ నడిచిన దారీ ఒకే ఆకారంలో ఉన్నాయి. ఇది కాకతాళీయం అని నేను అనుకోను. ఒకే నిర్మాత పెట్టుబడి పెట్టిన కథలో ఒకే నాయకుడు ఉంటాడు, పెట్టిన సొమ్ము అతని ముఖం మీదుగా రాబట్టుకోవాలి గనుక. వేలమంది తలా కాస్త వేసిన చిత్రంలో నాయకుడు గుంపులో కలిసిపోవడానికి అడ్డుచెప్పేవాడు లేడు. క్వారీ కార్మికుల సంగతి కథకు అవసరమా అని కత్తెర పట్టుకుని అడిగేవాడూ లేడు. కథకు అవసరం కాకపోవచ్చు. డబ్బు ఇచ్చినవాడికి అవసరం.

ఈ చిత్రంపై మూడు ఆక్షేపణలు వింటుంటాను. మొదటిది, దీనికి నిర్మాణ సౌష్ఠవం లేదని. డబ్బు లేక అట్లా తయారైందని. వేణు ఛాయాగ్రహణం చూసినవాళ్ళెవరూ ఇది చేతగానివాళ్ళ పని అనలేరు. నలుపు తెలుపుల్లో రోడ్డునూ, ముఖాలనూ, నీళ్ళనూ అంత నిదానంగా చూపిన చిత్రం సౌష్ఠవం లేనిది కాదు. దాని సౌష్ఠవం ఊరేగింపుది. ఊరేగింపులో మలుపులుంటాయి, ఆగడాలుంటాయి. నాటకానికి ఉండే అంకాలు దానికి ఉండవు.

రెండవది మన శిబిరం నుంచే వస్తుంది: ‘ఇందులో విజయం ఏది? ఆత్మహత్యతో మొదలై దుఃఖవార్తతో ముగిసే కథ జనాన్ని నిరాశపరచదా?’ ఈ విమర్శకులు ఆశను చివరి రీలులో వెతుకుతారు. 1970ల ఉద్యమంలో దెబ్బతిన్న ఒక తరం తన మృతుణ్ణి గుర్తుపట్టి, అతని తల్లి ముందు నిలబడటానికి పదిమందిని కూడగట్టుకోవడం నిరాశ ఎట్లా అవుతుంది? ఓటమిని దాచిపెట్టి ఎర్రజెండా ఎగరేసే చిత్రం సులువుగా తీయవచ్చు. దానికి చప్పట్లూ వస్తాయి. అట్లాంటి చిత్రం చూసి ఇంటికి వెళ్ళినవాడికి చేయవలసిన పనేదీ మిగలదు.

మూడవది ఆక్షేపణ రూపంలో కాక పొగడ్త రూపంలో వస్తుంది. జాన్ పిచ్చి మేధావి, తాగుబోతు ఋషి, లోకానికి లొంగనివాడు అనే కథలు. 1987లో కోళిక్కోడ్‌లో మేడమీది నుంచి పడి అతను చనిపోయిన తరువాత ఈ కథలు మరీ పెరిగాయి. ఇది శుద్ధ భావవాదం. ఒక సంఘం గడపగడపకూ తిరిగి చేసిన పనిని ఒక్క మనిషి స్వభావంగా మార్చివేస్తే, ఆ పనిని మళ్ళీ ఎవరూ చేయనక్కరలేదు. పూజ అందరికన్నా సోమరికి అనుకూలం.

ఈ పద్ధతికి లోపాలు లేవని నేననను. హరి తల్లి దగ్గరకు బయలుదేరినవాళ్ళు దాదాపు అందరూ యువకులే. స్త్రీలు ఎక్కువగా తల్లులుగానే కనిపిస్తారు. చందా పట్టినవాళ్ళు ఎవరో, ఏ వయసువాళ్ళో, అదీ చిత్రంలోకి చొచ్చుకువచ్చిందన్నమాట. నా వాదం నిజమైతే ఈ లోపం కూడా దానికి సాక్ష్యమే.

ఇక మన సంగతి. 2013లో కన్నడంలో పవన్ కుమార్ ‘లూసియా’ను ప్రేక్షకుల సొమ్ముతో తీశాడు. 2018లో వెంకటేశ్ మహా విశాఖపట్నం కంచరపాలెం మనుషులనే నటులుగా పెట్టి ‘కేరాఫ్ కంచరపాలెం’ తీశాడు. రెండూ మెచ్చదగిన ప్రయత్నాలే. కాని కంచరపాలెం మనుషుల కథ ప్రేక్షకుల దగ్గరకు సురేష్ ప్రొడక్షన్స్ చేతుల మీదుగానే రావలసి వచ్చింది. ఆ దర్శకుణ్ణి తప్పుపట్టి లాభం లేదు. థియేటర్లు కొద్దిమంది గుప్పిట్లో ఉన్న రాష్ట్రాల్లో అతను వేరే ఏం చేయగలడు? తప్పు పట్టవలసింది మనల్ని. నటులను జనంలోంచి తేవడం దగ్గరే ఆగి, చిత్రాన్ని జనంలోకి తీసుకువెళ్ళే పనిని వ్యాపారికి వదిలేశాం. ప్రజానాట్యమండలి వారసులమని చెప్పుకునేవాళ్ళకు ఇది శోభించదు. బుర్రకథ దళం ఊరికి వెళ్ళిన దారి మనకు కొత్తది కాదు.

మన కళాశాలల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా ఒక విద్యార్థి లఘుచిత్రం తీస్తున్నాడు. కెమెరా జేబులో ఉంది. తీసింది ఫోనులోనే పెట్టి, ఏ కంపెనీ వాడైనా చూసి పిలుస్తాడేమోనని ఎదురుచూస్తున్నాడు. అతనికి జాన్ అబ్రహాం నుంచి దీర్ఘమైన షాట్లు నేర్పవద్దు. ఒక తెర, ఒక ప్రొజెక్టరు, ఒక చందా పుస్తకం ఇవ్వండి. ముందు ఒక మంచి చిత్రాన్ని పది బస్తీల్లో, పది పల్లెల్లో చూపించమనండి. వచ్చిన ప్రతి రూపాయికీ లెక్క రాయమనండి. చూసినవాళ్ళు ఏమన్నారో ఆ లెక్క పక్కనే రాయమనండి. కథ రాయడం ఆ తరువాత మొదలుపెట్టవచ్చు.