చదువు దాటిన సరిహద్దును రక్షణ దాటేదెప్పుడు?

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు, బళ్ళారి ఇటు మిగిలాయి. గీత గీసినా రాకపోకలు ఆగలేదు. వైద్యానికి, వ్యాపారానికి, పిల్లల చదువులకు సరిహద్దు గ్రామాల కుటుంబాలు నేటికీ బళ్ళారినే ఆశ్రయిస్తున్నాయి. అయితే విద్యార్థి దాటినంత సులువుగా అతని ఆరోగ్యం, భద్రతలకు సంబంధించిన బాధ్యత ఈ గీతను దాటడం లేదు. కళాశాల ఒక రాష్ట్రంలో, తల్లిదండ్రులు మరో రాష్ట్రంలో ఉన్నప్పుడు ఆపద వేళ ఎవరిని అడగాలన్నది నేటికీ చాలా కుటుంబాలకు తెలియని విషయమే.

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 2025 జూలై 25న కొంత సమాధానం చెప్పింది. పశ్చిమ బెంగాల్ నుంచి వైద్యవిద్య ప్రవేశ పరీక్షకు సిద్ధమయ్యేందుకు విశాఖపట్నం వచ్చిన 17 ఏళ్ల విద్యార్థిని 2023 జూలైలో మరణించింది. దర్యాప్తుపై అసంతృప్తితో ఆమె తండ్రి సాగించిన న్యాయపోరాటమే ఈ తీర్పునకు మూలం. కేసును సి.బి.ఐ.కి అప్పగించిన ధర్మాసనం, మానసిక ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్న జాతీయ నేర నమోదు సంస్థ లెక్కను ప్రస్తావించి, 15 మార్గదర్శకాలు జారీ చేసింది. తగిన చట్టం వచ్చేంతవరకు ఇవి దేశమంతటా పాఠశాలలు, కళాశాలలు, శిక్షణ కేంద్రాలు, వసతిగృహాలన్నింటికీ వర్తిస్తాయి.

100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ అర్హత గల సలహాదారును గాని, మనస్తత్వ నిపుణుని గాని, సామాజిక కార్యకర్తను గాని నియమించాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో అనుసంధానం ఏర్పరచుకోవాలి. సిబ్బందికి ఏటా కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సహాయవాణి నంబర్లను వసతిగృహాల్లో, తరగతి గదుల్లో స్పష్టంగా ప్రదర్శించాలి. అమలును పర్యవేక్షించేందుకు కలెక్టర్ అధ్యక్షతన జిల్లా స్థాయి సంఘం ఉండాలి. మరో రాష్ట్రపు తండ్రి వేసిన పిటిషన్ దేశంలోని విద్యార్థులందరికీ హక్కులు తెచ్చిపెట్టింది. విద్యార్థి స్వస్థలం ఏ రాష్ట్రమన్నది ఈ హక్కులకు అడ్డు కాదు.

మానసిక వైద్యం పట్టణాల వారికే గాని పల్లెలకు అందదన్న వాదన బళ్ళారిలో చెల్లదు. 1980 దశకంలో బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ సుమారు 20 లక్షల జనాభా గల ఈ జిల్లానే ప్రయోగానికి ఎంచుకుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, అత్యవసరమైన మందులను అక్కడే అందుబాటులో ఉంచి, మానసిక రోగులకు ఊరికి దగ్గరలోనే చికిత్స అందించవచ్చని నిరూపించింది. ఆ అనుభవం పునాదిగానే 1996లో జాతీయ స్థాయిలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆరంభమైంది. మొదటి విడత నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశానికి దారి చూపిన జిల్లాలో ఆ దారి కళాశాల గుమ్మం వరకూ సాగవలసిన అవసరం ఉంది.

మనసును శరీరం నుంచి వేరుచేసి చూడడం కూడా పొరపాటే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత కర్ణాటకలో 47.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. తెల్లవారుజామున బస్సు అందుకోవాలన్న తొందరలో అన్నం తినకుండా బయలుదేరే ఆడపిల్లకు తరగతిలో నిస్సత్తువ, మతిమరుపు కలిగితే దానిని బద్ధకమని నిందించే ముందు రక్తపరీక్ష చేయించడం మేలు.

ప్రయాణం విషయంలోనూ సరిహద్దు పేచీ ఉంది. 2023 జూన్‌లో కర్ణాటక ప్రారంభించిన శక్తి పథకం ఆ రాష్ట్ర వాసులైన మహిళలకే వర్తిస్తుంది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ ప్రారంభించిన స్త్రీ శక్తి పథకం అంతర్రాష్ట్ర బస్సులకు వర్తించదు. రాయదుర్గం వైపు నుంచి బళ్ళారికి వచ్చే విద్యార్థినికి ఈ రెండింటిలో ఏదీ పూర్తిగా అక్కరకు రాదు. కళాశాల వేళలకు తగిన బస్సుల కోసం ఇరువైపుల గ్రామాలు కలిసి అడగవలసి ఉంది.

ఇక కుటుంబాల్లోని భయాలు. పిల్లవాడిని మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళితే నలుగురికీ తెలిసి రేపు పెళ్లి సంబంధాలు చెడిపోతాయని కొందరు, పోలీసు కేసు అవుతుందని మరికొందరు వెనుకాడతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలని చెబుతోంది. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలని, అతనికి సంరక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యతని కూడా నిర్దేశించింది. 2022 అక్టోబర్ 10న ప్రారంభమైన టెలీ మానస్ సహాయవాణి 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో, కన్నడంలో మాట్లాడవచ్చు. ర్యాగింగ్‌పై ఫిర్యాదుకు యు.జి.సి. నంబరు 1800 180 5522, తక్షణ ప్రమాదంలో 112 ఉన్నాయి.

చట్టం ఉన్నంత మాత్రాన అమలు దానంతట అది జరగదు. చేర్పించేటప్పుడు ఫీజు ఎంత, ఫలితాలు ఎలా ఉన్నాయని అడిగే తల్లిదండ్రులు మరి నాలుగు ప్రశ్నలు అడగాలి. సలహాదారు ఎవరు? ఆయనకు లేదా ఆమెకు తెలుగు వచ్చునా? వసతిగృహంలో రాత్రివేళ జబ్బు చేస్తే ఆసుపత్రికి ఎవరు తీసుకువెళతారు? సహాయవాణి నంబరు గోడ మీద ఉన్నదా? సమాధానం దొరకకపోతే కలెక్టరు కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగవచ్చు. మార్కులు తగ్గిన నాడు ఇంటికి ఫోన్ చేయడానికి బిడ్డ జంకకుండా చూడడం మాత్రం ఏ కోర్టూ చేయలేని పని. అది ఇంటివారి చేతిలోనే ఉంది.