తీగలు కత్తిరిస్తే చాలదు, దారి కూడా చూపాలి

ఛాతీ ఎక్స్‌రేలో న్యుమోనియాను గుర్తించే న్యూరల్ నెట్‌వర్క్‌లను అమెరికా పరిశోధకులు 2018లో పరీక్షించారు. శిక్షణ పొందిన ఆసుపత్రుల చిత్రాలపై బాగా పనిచేసిన నెట్‌వర్క్, చాలా సందర్భాల్లో బయటి ఆసుపత్రి చిత్రాలపై తడబడింది. కారణం వెతికితే ఒక విషయం బయటపడింది. ఎక్స్‌రే ఏ ఆసుపత్రిలో తీశారో నెట్‌వర్క్ దాదాపు ప్రతిసారీ పసిగట్టగలుగుతోంది. ఒక ఆసుపత్రిలో న్యుమోనియా కేసులు ఎక్కువగా, మరోచోట తక్కువగా ఉంటే, ఊపిరితిత్తులను సరిగా చూడకుండానే ఆ తేడా ఆధారంగా జవాబు చెప్పే వీలు దానికి ఉంది.

జవాబు సరైనదే అయినా అది ఏ దారిన వచ్చిందో తెలియకపోతే ప్రమాదమే. ఇది కృత్రిమ మేధకు ఉన్న మొదటి చిక్కు. రెండోది దాని పరిమాణం. ఈ రెండింటికీ ఇప్పుడు గ్రాఫ్ సిద్ధాంతం వైపు చూస్తున్నారు.

గణితంలో గ్రాఫ్ అంటే కొన్ని బిందువులు, వాటిని కలిపే గీతలు. న్యూరల్ నెట్‌వర్క్ కూడా అలాంటిదే. న్యూరాన్లు బిందువులు, వాటి మధ్య సంబంధాలు గీతలు. ఏ గీతకు ఎంత ప్రాధాన్యమో ఒక సంఖ్య చెబుతుంది. ఆ సంఖ్యలను సరిదిద్దుకుంటూ పోవడమే శిక్షణ. బొమ్మలను గుర్తించే వీజీజీ-16 అనే నెట్‌వర్క్‌లో ఇలాంటి సంఖ్యలు సుమారు 13.8 కోట్లు.

ఇన్ని గీతలూ అవసరమా? అక్కర్లేదని మూడు దశాబ్దాల కిందటే తెలుసు. అనవసరమైన గీతలను లెక్కగట్టి తీసేసే పద్ధతిని యాన్ లెకున్, ఆయన సహచరులు 1990లోనే ప్రచురించారు. మల్లెతీగకు కొమ్మలు కత్తిరించినట్టు చేసే ఈ పనిని ప్రూనింగ్ అంటారు. 2015లో అలెక్స్‌నెట్‌లోని 6.1 కోట్ల సంఖ్యలను 67 లక్షలకు తగ్గించినా కచ్చితత్వం తగ్గలేదు.

అయితే ఏ గీతను ఉంచాలి, ఏది తీయాలి? ఇక్కడే గ్రాఫ్ సిద్ధాంతం పనికొస్తుంది. ఒక ప్రాంతంలో ప్రతి ఊరికీ మూడు నాలుగు రోడ్లే ఉన్నాయనుకుందాం. అయినా ఏ కొన్ని ఊళ్లను తీసుకున్నా, మిగతా ఊళ్లకు వెళ్లే దారులు తగినన్ని ఉండేలా రోడ్లు వేయవచ్చు. ఒక రోడ్డు వరదకు కొట్టుకుపోయినా రాకపోకలు ఆగవు. గీతలు తక్కువైనా అనుసంధానం గట్టిగా ఉండే ఇలాంటి గ్రాఫ్‌లను ఎక్స్‌పాండర్లు అంటారు. వాటిలో మేటి రకానికి మన గణితవేత్త పేరే ఉంది. 1988లో లుబోట్‌స్కీ, ఫిలిప్స్, సార్నాక్ నిర్మించిన ‘రామానుజన్ గ్రాఫ్‌ల’ నిరూపణకు 1916 నాటి రామానుజన్ ఊహ ఆధారమైంది.

ఈ దిశలో భారతీయ పరిశోధన వెనుకబడి లేదు. శిక్షణ తర్వాత కత్తిరించడం కాకుండా, మొదటే ఎక్స్‌పాండర్ గ్రాఫ్ ప్రకారం పొరల మధ్య గీతలు గీసే పద్ధతిని హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2018లో ప్రతిపాదించారు. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు పాల్గొన్న 2022 నాటి అధ్యయనం మరో మెట్టు ఎక్కింది. బాగా పనిచేసే పలుచని నెట్‌వర్క్‌ల పొరల్లో రామానుజన్ గ్రాఫ్ లక్షణం నిలిచి ఉంటోందని, చాలా పొరలు దాన్ని కోల్పోయే కొద్దీ కచ్చితత్వం తగ్గుతోందని గమనించింది. ఎక్కడ కోత ఆపాలో చెప్పే కొలబద్ద ఇలా దొరుకుతోంది.

ఇంతవరకు సంతోషమే. కానీ గీతలు తగ్గాయి కాబట్టి నెట్‌వర్క్ అర్థమవుతుందనుకోవడం తొందరపాటు. 6 కోట్ల సంఖ్యలు ఎవరికీ అర్థం కావు, 67 లక్షలూ అర్థం కావు. పైగా కోతకు కనిపించని నష్టం ఒకటుంది. కత్తిరించిన నెట్‌వర్క్‌లను గూగుల్ పరిశోధకులు 2019లో పరిశీలించినప్పుడు, సగటు కచ్చితత్వం దాదాపు మారకపోయినా, కొన్ని రకాల ఉదాహరణలపై, ముఖ్యంగా అరుదైన వాటిపై, తప్పులు ఎక్కువయ్యాయి. చవక ఫోన్‌లో నడవడానికి చిక్కించిన వైద్య పరికరం ఎక్కువ మందికి సరిగ్గా పనిచేస్తూ, అరుదైన జబ్బున్న రోగిని వదిలేయవచ్చు. సగటు అంకె ఆ సంగతి చెప్పదు.

అర్థం కావాలంటే అందుకోసమే నెట్‌వర్క్‌ను నిర్మించాలి. చాలా సంఖ్యలు సున్నాగా ఉండేలా శిక్షణ ఇచ్చిన భాషా నమూనాలపై 2025లో ఓపెన్‌ఏఐ చేసిన ప్రయోగం దీనికి ఉదాహరణ. ప్రోగ్రాం కోడ్‌లో తెరిచిన ఉటంకింపు గుర్తును సరైన గుర్తుతో మూయడం వంటి చిన్న పనులకు ఏ కొద్ది గీతలు కారణమో వేలుపెట్టి చూపగలిగారు. అయితే ఆ నమూనాల శిక్షణకు మామూలు వాటికంటే చాలా ఎక్కువ గణన అవసరమైంది. అంటే పొదుపు, వివరణ ఎప్పుడూ జంటగా రావు. గ్రాఫ్ రెండింటికీ పనిముట్టే, కానీ ఒకటి సాధిస్తే రెండోది దానంతట అదే దొరకదు.

అందుకే ‘చిన్నది, వేగవంతమైనది’ అన్న మాటతో ఆసుపత్రులు తృప్తిపడకూడదు. వైద్యంలో కృత్రిమ మేధపై ఐసీఎంఆర్ 2023లో నైతిక మార్గదర్శకాలు విడుదల చేసింది. జవాబుదారీతనం వాటిలో ఒక ప్రధాన సూత్రం. దాన్ని ఆచరణలో పెట్టడానికి రెండు పరీక్షలు చాలు. మొదటిది, కత్తిరించిన నెట్‌వర్క్ ఫలితాలను సగటుగా కాక వయసు, ప్రాంతం, జబ్బు రకం వారీగా, కోతకు ముందూ తర్వాతా ప్రకటించాలి. రెండోది, నిర్ణయానికి ఫలానా దారి కారణమని చెబితే, ఆ దారిని మూసి చూడాలి. జవాబు మారకపోతే ఆ వివరణ ఉత్తదే.

2018 నాటి ఎక్స్‌రే నెట్‌వర్క్‌ను ఎంత చక్కగా కత్తిరించినా, ఆసుపత్రి గుర్తును పసిగట్టే గీతలు మిగిలితే అది అదే పొరపాటును మరింత వేగంగా, మరింత చవకగా చేస్తుంది. ఆ గీతలను వెతికి పట్టుకోవడమే గ్రాఫ్ పరిశోధన ముందున్న అసలు పని.