గాల్లో అంబులెన్సు నడపాలంటే

పోయిన నెల ఏరియూరులో ఒక అక్క అడిగింది. ‘‘అన్నా, మా పిల్లోడు ప్లస్ టూ చదవతా ఉండాడు. ఫారిన్‌లో హెలికాప్టర్ అంబులెన్సు నడపాలంట. ఒక ఏజెంటు వచ్చి, ఒక్క ఏడాది కోర్సు, అయిన వెంటనే ఉద్యోగం అంటా ఉండాడు. మాకుండేది ఎకరం చేను. దాన్ని కుదవ పెట్టేదా, వద్దా?’’ ఇలాంటి ఆలోచన ఇంకా నాలుగు మిల్లు ఇండ్లలో ఉంటుంది కాబట్టి ఈ నెల ఇదే రాస్తున్నాను.

మొదట, పిల్లోడి ఆశను చూసి నవ్వకండి. విజయవాడలో పుట్టిన గోపీచంద్ తోటకూర విమానం నడపడం నేర్చుకుని, దేశదేశాలకు రోగుల్ని చేర్చే మెడికల్ జెట్ పైలట్‌గా పనిచేశాడు. 2024 మే 19న రోదసిదాకా పోయి వచ్చాడు. ఆయన నడిపింది విమానం, హెలికాప్టర్ కాదు. అయినా తెలుగు ఇంటి పిల్లోడు ఈ పనిలోకి పోగలడని తెలుస్తుంది కదా.

ఈ అంబులెన్సు అవసరం మనకు ఎవరూ చెప్పక్కరలేదు. మన ఊర్లో ఎవరికైనా గుండె పట్టేస్తే పెన్నాగరం, అక్కడినుంచి ధర్మపురి పెద్దాసుపత్రి. తమిళనాడులో 108 బండి 2008లో వచ్చింది, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కానీ కొండదారిలో బండికి పట్టే టైము పడుతుంది. స్విట్జర్లాండులో రేగా అనే సంస్థ 1952 నుంచి ఆకాశంలోనుంచి వచ్చి జనాల్ని కాపాడుతోంది. దానికి ప్రజల చందాలే పెద్ద అండ. జర్మనీలో 1970లో మ్యూనిక్ నగరంలో ఇలాంటి హెలికాప్టర్ మొదలైంది. మన దేశంలో 2024లో రిషీకేశ్ ఎయిమ్స్ ఆసుపత్రి సొంతంగా ఒకటి పెట్టుకుంది.

పైలట్ పని సినిమాలో చూపించినట్టు ఉండదు. రోగిని చూసేది డాక్టరు, నర్సు. పైలట్ చూడాల్సింది గాలి, మబ్బు, కరెంటు తీగలు, దిగే చోటు. చాలా సంస్థల్లో, పోవాలా వద్దా అని తేల్చేదాకా రోగి ఎవరో, ఎంత ప్రమాదంలో ఉన్నాడో పైలట్‌కు చెప్పరు. చిన్న బిడ్డ అని తెలిస్తే మనసు కరిగి, పోకూడని వాతావరణంలోనూ బయలుదేరతాడని. అక్కడ ఒక మాట ఉంది: పోవడానికి అందరూ ఒప్పుకోవాలి, వద్దనడానికి ఒక్కరు చాలు.

ఆ జాగ్రత్త ఎందుకో మన పక్క నీలగిరుల్లోనే చూశాం. 2021 డిసెంబర్ 8న సూలూరునుంచి బయలుదేరిన వైమానిక దళం హెలికాప్టర్ కూనూరు దగ్గర కూలింది. జనరల్ బిపిన్ రావత్‌తోపాటు చిత్తూరు జిల్లా లాన్స్ నాయక్ సాయితేజ కూడా పోయాడు. మొత్తం 14 మంది. వాతావరణం ఉన్నట్టుండి మారి మబ్బుల్లోకి పోవడంతో పైలట్‌కు దిక్కు తెలియలేదని విచారణలో తేలింది. నడిపింది కొత్తవాళ్ళు కాదు, అనుభవం ఉన్నవాళ్ళే.

ఇక ఏజెంటు చెప్పని లెక్క. మన దేశంలో కమర్షియల్ హెలికాప్టర్ లైసెన్సుకు 150 గంటలు నడిపితే చాలు. కానీ యూరప్‌లో అంబులెన్సు హెలికాప్టర్‌కు కమాండర్ కావాలంటే సాధారణంగా 1000 గంటలు కమాండర్‌గా నడిపి ఉండాలి, అందులో 500 హెలికాప్టర్ మీదే. 150కీ 1000కీ మధ్య ఉండేది ఏళ్ళ పని. ఆ ఏళ్ళలో చిన్న జీతం, లేదంటే ఖాళీ. ఇక్కడి లైసెన్సును అక్కడి లైసెన్సుగా మార్చుకోవాలి, పరీక్షలు మళ్ళీ రాయాలి, ఆ దేశంలో పనిచేసే వీసా ఉండాలి. అప్పు వడ్డీ మాత్రం ఇవేవీ చూడదు.

శిక్షణకు లక్షలు లక్షలు అవుతాయి. చదువు లోను మామూలుగా నాలుగు లక్షలదాకా తాకట్టు లేకుండా ఇస్తారు. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి చూపాలంటారు. మిల్లు జీతంతో బతికే ఇంట్లో ఆస్తి అంటే ఆ చేనే కదా.

డబ్బు పెట్టకుండా పోయే దారి ఒకటుంది. ప్లస్ టూలో ఫిజిక్సు, కెమిస్ట్రీ, మ్యాథ్సు ఉన్న పిల్లలు ఎన్.డి.ఎ. పరీక్ష రాసి వైమానిక దళంలోకి పోవచ్చు. ఏడాదికి రెండుసార్లు పెడతారు. 2022 నుంచి ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు. హెలికాప్టర్ విభాగం దొరికినవాళ్ళకు హైదరాబాదు పక్క హకీంపేటలో నేర్పుతారు. ఖర్చు ప్రభుత్వానిది, గంటలు మన పిల్లలవి. పోటీ గట్టిగా ఉంటుంది, సర్వీసు కూడా చాలా ఏండ్లు చేయాలి. అయినా ఓడితే పోయేది పరీక్ష ఫీజే, చేను కాదు.

ఇంకొకటి. ఆ హెలికాప్టర్‌లో పైలట్ ఒక్కడే ఉండడు. నర్సింగు చదివి, ఐ.సి.యు.లో కొన్నేళ్ళు పనిచేసిన ఆడపిల్లలకు, మగపిల్లలకు అందులో సీటుంది. నర్సింగు చదువు మన ఇండ్లకు అందే చదువే. ఆ సీటు దొరక్కపోయినా ఆసుపత్రిలో పని దొరుకుతుంది.

ఆ అక్కకు నేను చెప్పింది ఇది. పైసా కట్టకముందే పిల్లోడికి మెడికల్ పరీక్ష చేయించు. డి.జి.సి.ఎ. గుర్తించిన డాక్టరు దగ్గర ముందు క్లాస్-2, తరువాత క్లాస్-1. అద్దాలున్నా సివిల్‌లో పరవాలేదు, రంగులు సరిగా కనపడకపోతే కష్టం. ఇంగ్లీషు మాట్లాడడం ఇప్పుడే మొదలుపెట్టించు, రేడియోలో అదే కావాలి. ఏజెంటును ‘‘నీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు ఎక్కడ నడుపుతున్నారు, ఫోను కలుపు’’ అని అడుగు. విదేశీ ఉద్యోగం చూపిస్తానంటే, కేంద్ర ప్రభుత్వం ఈ-మైగ్రేట్ జాబితాలో పేరుందా చూడు. ఇవన్నీ తేలేదాకా పట్టా కాగితం పెట్టెలోనే ఉండనీ.