మోటార్ గొడుగు మన మిద్దెకి ఎందుకు?

మిరపకాయ డబ్బులు చేతికొచ్చే రోజులు కాబట్టి ఇప్పుడే రాస్తున్నా. చేతిలో నాలుగు రూపాయలు ఆడేటప్పుడే ఇలాంటి సరుకు ఊళ్లోకి దిగుద్ది.

మోటార్ డిష్ మాట మన వైపు బాగా తిరుగుతోంది. "ఒక్కసారి పెట్టుకోండి, రిమోట్ నొక్కితే గొడుగు దానంతట అదే తిరుగుద్ది, ఆకాశంలో ఉన్నయ్యన్నీ ఫ్రీ, ఇక జన్మలో రీచార్జి లేదు" అంటున్నారు. నా మాట సూటిగా చెప్తా. ఇంట్లో టీవీ చూడటానికి అయితే ఆ మోటార్ వద్దు. ఆ డబ్బులో కొంత పెట్టి కదలని గొడుగే కాస్త పెద్దది పెట్టుకోండి.

రీచార్జి మీద మీకున్న కోపం నాకూ ఉంది. నెలకి 300 అనుకోండి, ఏడాదికి 3,600. డీఏపీ కట్ట 1,350 లెక్కన రెండు కట్టలు కొన్నా ఇంకా 900 మిగులుద్ది. 2019లో ట్రాయ్ కొత్త ధరల పద్ధతి తెచ్చినప్పుడు, ఉత్త ఫ్రీ చానళ్లే చూసినా నెలకి 130, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 153 రూపాయల 40 పైసలు కట్టమన్నారు. అంటే చానల్‌కి ధర లేదు గానీ అది మన ఇంటికి నడిచొచ్చినందుకు కూలి ఉంది. ఇదేం ఫ్రీ అని అప్పుడే అడిగా. కాబట్టి నెల కట్టే పని మానుకోండి అంటే నేనూ మీతోనే. గొడవంతా మోటార్ దగ్గరే.

ముందు అది చేసే పనేంటో చూడండి. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖ పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున వరసగా ఉంటయ్. మన పల్నాడు నుంచి చూస్తే 83 డిగ్రీలది దాదాపు నెత్తిమీద, కొంచెం దక్షిణానికి. దూరదర్శన్ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15, 93.5 డిగ్రీల దగ్గర, అంటే మనకి ఆగ్నేయం వైపు. 66, 68 డిగ్రీలయి నైరుతి వైపు. ఈ మూలనుంచి ఆ మూలకి వంపుగా గొడుగుని తిప్పటమే మోటార్ పని. అంతకు మించి ఇంకేం చెయ్యదు. తాళం వేసిన చానల్ దగ్గరికి తీసుకెళ్తే తాళమే కనపడుద్ది.

ఇక్కడే మనోళ్లు మోసపోతున్నారు. 500 చానళ్లు అని చూపిస్తారు, నిజంగానే ఉంటయ్. అందులో బర్మా, బంగ్లాదేశ్, అరబ్బు, చైనా చానళ్లు తీసేయండి. అమ్మకాల చానళ్లు తీసేయండి. మన ఇంట్లో ఆడవాళ్లు చూసే సీరియళ్లు, కొత్త సినిమాలు వేసే పెద్ద తెలుగు చానళ్లు తాళంలోనే ఉంటయ్. వాటిని కూడా తెరిచి చూపించాడంటే ఆ బాక్సులో దొంగ కీ ఎక్కించాడని అర్థం. కంపెనీ వాడు కీ మార్చిన రోజున తెర నల్లబడుద్ది, అమ్మినోడు ఫోనెత్తడు. పైగా అది దొంగతనం. మన మోటారు తీగ కోసుకుపోయినోడిని తిట్టే నోటితో దీన్ని మంచిదనలేం.

ఇక బిగింపు సంగతి. గొట్టం నాలుగు పక్కలా నిలువుగా ఉండాలి, మేస్త్రి గుండు కట్టి చూడాల్సిందే. గొట్టం రవ్వంత ఒరిగినా మధ్యలో ఉన్న ఉపగ్రహం బాగానే వస్తది, రెండు చివర్లవి రావు. కదలని గొడుగుకైతే గొట్టం వంకరున్నా గొడుగుని సర్దుకుని బిగిస్తే అయిపోయే. మోటార్ దానికి ఆ వెసులుబాటు లేదు. ఒకటి రెండు డిగ్రీలు తప్పితే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోద్ది.

సీ బ్యాండ్‌కి ఆరడుగులో ఎనిమిదడుగులో గొడుగు కావాలి. దాన్ని తిప్పటానికి 36 వోల్టుల జాకీ, దానికి వేరే పొజిషనర్ డబ్బా. జాకీలో వాన నీళ్లు దిగితే తుప్పు. అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే చిన్న స్విచ్ ఒకటుంటది, తిరిగేటప్పుడు కరెంటు పోతే ఆ లెక్క తప్పుద్ది. మన ఊరి కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా? అంత గొడుగు ఈదురుగాలికి తెరచాపే. కోతులు ఎక్కి ఊగితే ఇంక చెప్పేదేముంది. చిన్న గొడుగు మోటార్లు కేబుల్ వైరులోంచే కరెంటు తీసుకుంటయ్, పని కొంచెం తేలికే. కానీ వాటికి బాక్సులో డైసెక్ 1.2 ఉండాలి. చవక బాక్సులు చాలావాటికి అది ఉండదు. అడక్కుండా కొంటే మోటార్ అటకెక్కుద్ది.

అమ్మేవాళ్లు ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి. గొడుగు ఒకటే, అది చూసే దిక్కూ ఒకటే. ముందు గదిలో మీరు నైరుతి వైపు వార్తలు చూస్తుంటే, లోపల గదిలో రెండో టీవీలో మీ కోడలు ఆగ్నేయం చానల్ పెట్టలేదు. అన్నదమ్ములిద్దరూ ఒకే గొడుగు పంచుకుందామనుకున్న ఇంట్లో ఇది గట్టు తగాదా కంటే ముందు తేలుద్ది.

మరి ముసురు పట్టినప్పుడు ఫ్రీ డిష్ పోతంది కదా అంటారు. నిజమే, కేయూ బ్యాండ్‌కి గట్టి వాన పడితే బలం తగ్గుద్ది. సీ బ్యాండ్‌కి ఆ బాధ చాలా తక్కువ, ఆ ఒక్కటీ ఒప్పుకుంటా. అయితే వానని తట్టుకునేది గొడుగు సైజూ బ్యాండూ, మోటార్ కాదు. రెండడుగుల గొడుగు బదులు మూడడుగులది పెట్టండి. పొలం కొలిచే మనకి లెక్క చెప్పక్కర్లేదు, వైశాల్యం రెండుంపావు రెట్లు అవుద్ది. మామూలు వానకి బొమ్మ నిలబడుద్ది. కాకపోతే పెద్ద గొడుగు గురి సన్నం, బోల్టులు గట్టిగా బిగించుకోవాలి. ఎల్ఎన్‌బీ దగ్గర వైరు కొసకి నీళ్లు దిగకుండా టేపు చుట్టండి. సగం ఇళ్లలో బొమ్మ పోయేది అక్కడే, తిట్లు మాత్రం ఉపగ్రహానికి.

రెండు ఉపగ్రహాలు కావాలా? రెండు కదలని గొడుగులు పెట్టి మధ్యలో డైసెక్ స్విచ్ వెయ్యండి. ఒకటి పాడైతే రెండోది ఉంటది. ఎలక్ట్రానిక్స్ మీద సరదా ఉండి, సొంతంగా పానా పట్టుకుని మిద్దెక్కే కుర్రాళ్లు మోటార్ పెట్టుకుంటానంటే నేను కాదనను, అదొక మంచి వ్యసనం. మోకాళ్ల నొప్పులున్న మన వయసు వాళ్లకి కాదు.

అసలు మనోళ్లు మోటార్ వైపు ఎందుకు చూస్తున్నారు? ఫ్రీ డిష్‌లో తెలుగు తక్కువ కాబట్టి. సప్తగిరి ఉంది, యాదగిరి ఉంది, డీడీ కిసాన్ హిందీలో ఉంది. మిగతావాటిలో ఎక్కువ హిందీయే. ఎందుకంటే ప్రైవేటు చానళ్లకి అక్కడ జాగా వేలం పాటలో ఇస్తారు. గుంటూరు యార్డులో మిరపకాయలకి పాడినట్టు ఎవరు ఎక్కువ పాడితే వాళ్లది. దేశమంతా చూసే హిందీ వాడితో పోటీపడి తెలుగు చానల్ ఎంతని పాడుద్ది? ఆ హిందీ పెద్ద చానళ్లు కూడా 2019లో వెళ్లిపోయినయ్, 2020లో తిరిగొచ్చినయ్, 2022లో మళ్లీ వెళ్లినయ్. వాళ్ల లాభం వాళ్లు చూసుకుంటున్నారు.

2023 జనవరిలో కేంద్రం ప్రసార భారతి బాగు కోసం 2,539 కోట్ల పైచిలుకు పథకం ఒప్పుకుంది. మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాలకి 8 లక్షలకి పైగా ఫ్రీ డిష్ బాక్సులు ఉచితంగా ఇస్తామంది. బాక్సు ఇచ్చి అందులో తెలుగు రెండు ముద్దలే పెడితే ఎట్టా? మన భాషకి వేలంతో పనిలేని జాగా కొన్ని ఇవ్వాలని, తుఫాను కబుర్లు, పంట ధరలు తెలుగులో రోజంతా చెప్పే చానల్ ఒకటి ఉండాలని అడగాల్సింది ప్రసార భారతిని, మన ఎంపీలని. ఓట్లకి వచ్చినప్పుడు రోడ్డు, కాలవ అడుగుతున్నాం, దీన్ని ఒక్కరం కూడా అడగట్లేదు. వాళ్లు చెయ్యాల్సిన పనికి మనం మిద్దెల మీద మోటార్లు కడుతున్నాం.

ఈసారి గ్రామసభలో నేను ఈ కాగితం రాసి పెడతా. సంతకం పెట్టేవాళ్లు ముందుగా చెప్పండి. మోటార్‌కి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు ఉంటే, బిగించకముందే వెళ్లి ఒక్కటి అడగండి: కీ ఎక్కించకుండా, నెట్ కలపకుండా తెలుగు చానళ్లు ఎన్ని వస్తయ్యో మీ ముందు టీవీలో చూపించమనండి.